ఋతు వ్యాధులు – యునానీ మూలికలు: పల్నాటి వావిలి కథ

స్త్రీల ఋతుబాధలను గూర్చి నోరెత్తటమే సిగ్గుచేటనే భావం మన సమాజంలో పాతుకుపోయింది. ఇస్లామీ చరిత్రలో దీనికి ఆధారం కనిపించదు. ఆగని రక్తస్రావంతో బాధపడుతుండిన ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) స్వయంగా దైవప్రవక్త (స)ను ఆ విషయం అడిగారు. అది ముట్టు కాదని, రక్తనాళానికి సంబంధించిందని ఆయన వివరించారు. ఈ హదీసు పునాదిగా ఫుఖహాలు హైజ్‌నూ ఇస్తిహాజానూ వేరుచేశారు. ఏది సహజం, ఏది వ్యాధి? వైద్యుడు వేసుకోవలసిన మొదటి ప్రశ్న కూడా ఇదే.

ఇక మందుల సంగతి. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయాస్కోరిడిస్ రాసిన మూలికా గ్రంథాన్ని 9వ శతాబ్దంలో బాగ్దాదులో ఇస్తఫాన్ బిన్ బసీల్ అరబ్బీలోకి అనువదించాడు. హునైన్ బిన్ ఇస్‌హాఖ్ దాన్ని సరిదిద్దాడు. తనకు అరబ్బీ పేరు తెలియని మొక్కలకు ఇస్తఫాన్ గ్రీకు పేరునే ఉంచేశాడనీ, తరువాతివారెవరైనా వాటిని గుర్తిస్తారని ఆశించాడనీ కార్డోవా వైద్యుడు ఇబ్నె జుల్జుల్ నమోదు చేశాడు. అనువాదకులలో ఇంతటి నిజాయితీ అరుదు.

ఆ గ్రంథంలో నిలిచిన ముట్టును తిరిగి రప్పించేదిగా వర్ణితమైన పొద ఒకటి ఉంది. దాని ఆకు అరచేతిలా విచ్చుకుంటుంది గనుక పారశీకులు ‘పంజ్ అంగుష్త్’ – అయిదు వేళ్లు – అన్నారు. అరబ్బీలో అది ‘బంజన్‌కుష్త్’ అయింది. హకీములు హిందూదేశానికి వచ్చినపుడు అదే రూపు గల ఆకు వాగు గట్లపై కనిపించింది. అదే మన వావిలి. హకీము చీటీలో అది ‘సంభాలూ’. పల్నాటి ఇళ్లలో మాత్రం బాలింత స్నానానికి నీళ్లలో కాచే వావిలాకే. రెండూ ఒకే జాతివే, కాని ఒకే మొక్క కాదు.

ఈ తేడా చిన్నది కాదు. మధ్యధరా ప్రాంతపు మొక్క కాయల సారాన్ని 170 మంది స్త్రీలపై మూడు ఋతుచక్రాల పాటు పరీక్షించి, 2001లో ఫలితాలు ప్రకటించారు. ముట్టుకు ముందు వచ్చే చిరాకు, తలనొప్పి, రొమ్ముల సలుపు వంటి బాధలు సగానికి సగమో, అంతకు మించో తగ్గినవారు మందు పుచ్చుకున్నవారిలో 52 శాతం, ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 24 శాతం. మెచ్చదగిన ఫలితమే. అయితే అది ఆ కాయకు దక్కిన రుజువు. పేరు కలిసిందని వావిలాకు ఖాతాలో వేయటానికి వీల్లేదు.

మందులను పరీక్షించటమన్న మాట మన ప్రాంతానికి కొత్తది కాదు. పల్నాడు నాడు మదరాసు రాజధానిలో భాగం. 1918లో డాక్టర్ కోమన్‌ను దేశీయ ఔషధాల పరిశీలనకు ప్రభుత్వం నియమించింది. ఆయన నివేదికలు వైద్యులకూ హకీములకూ ఆగ్రహం తెప్పించాయి. దరిమిలా ముహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1923లో నివేదిక సమర్పించింది. 1925లో మదరాసులో ఆయుర్వేద, సిద్ధ, యునానీలను బోధించే పాఠశాల వెలసింది. నైజాం రాజ్యంలోనూ చార్మినారు పక్కన యునానీ ఆసుపత్రి, కళాశాల లేచాయి.

వంటింటి మందుల్లో అల్లానిది మెరుగైన స్థితి. 2009లో వెలువడిన ఒక పరీక్షలో 150 మంది విద్యార్థినులలో కొందరికి ముట్టు మొదలైన మూడు రోజులు 250 మిల్లీగ్రాముల శొంఠిపొడిని రోజుకు నాలుగు మార్లు ఇచ్చారు. నొప్పి తగ్గించటంలో అది ఐబుప్రొఫెన్‌కు తీసిపోలేదు. అయినా 2016లో ఇటువంటి 27 పరీక్షలను జల్లెడపట్టిన కోక్రేన్ సమీక్ష, ఏ ఒక్క పదార్థానికీ గట్టి రుజువు లేదనే తేల్చింది.

పెద్దమనిషైన పిల్లకు నువ్వులూ బెల్లమూ దంచి పెట్టే చిమ్మిలి మంచి ఆహారమే. ఎర్రబట్టతో నెలనెలా నీరసించే స్త్రీకి అది ఇనుము మాత్రకు బదులు కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది.

మరొక మాట. ముట్టును రప్పించే మందులను యునానీలో ‘ముదిర్రె హైజ్’ అంటారు. గర్భిణికి అవి నిషిద్ధం. పెళ్లయిన స్త్రీకి ముట్టు తప్పటానికి తొలి కారణంగా అనుమానించవలసింది గర్భాన్నే గనుక, అది తేలేవరకు కషాయం పొయ్యి మీదికి ఎక్కరాదు. ముట్లుడిగిన తరువాత మళ్లీ రక్తం కనిపిస్తే మూలికల కోసం వెదకక ఆసుపత్రికే వెళ్లాలి. గర్భాశయ క్యాన్సర్ తొలి గుర్తు అదే కావచ్చు.