చేతులు కట్టేసిన సభ

యానాం చరిత్ర అనగానే 1723లో ఫ్రెంచివారి రాక, 1954లో నిష్క్రమణ, 1962 ఆగస్టు 16న చట్టబద్ధ విలీనం. నాకు మాత్రం ఆ పాలకుల దేశంలో జరిగిన మరో కథ గుర్తుకొస్తుంది. 1760 ప్రాంతంలో పారిస్‌లో అబె ద లెపె అనే మతాచార్యుడు బధిరులకు బడి తెరిచాడు. సైగలతోనే చదువు చెప్పి, పదిమంది ముందూ వారి ప్రతిభ ప్రదర్శించాడు. 1880లో మిలాన్ మహాసభ, బళ్ళలో సైగలు వద్దని తీర్మానించింది. ఓటు వేసినవారు దాదాపు అందరూ వినగలిగినవారే! అదేం న్యాయమో. ఫ్రెంచి చట్టం ఆ పిల్లలకు సైగల భాషను ఎంచుకునే హక్కు ఇచ్చింది 1991లో.

మన 2016 వికలాంగుల హక్కుల చట్టమూ సైగల భాషను గుర్తించింది. అందుకే యానాం ఆగస్టు 16 సభలో ఒక అనువాదకుణ్ణి, వెలుతురు పడే చోట, వక్త పక్కనే నిలబెట్టమంటాను. వక్త కూడా పటం చూపి “ఇదిగో” అని ఊరుకోక, చూపులేనివారికోసం అందులో ఏముందో నోటితో చెప్పాలి.