ఖాళీ స్థలాల్లో పచ్చదనం: నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాల ప్రజారోగ్యానికి, భద్రతకు ఆవశ్యకం

నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూ పరీవాహక ప్రాంతంలో, నల్లరేగడి నేలలపై విస్తరించిన పట్టణాలు నంద్యాల, ఆళ్లగడ్డ. పూర్వం 18వ నంబరుగా, ప్రస్తుతం 40వ నంబరుగా వ్యవహరిస్తున్న కర్నూలు - చిత్తూరు జాతీయ రహదారి ఈ రెంటినీ కలుపుతోంది. 2011 జనాభా లెక్కల నాటికే రెండు లక్షల జనాభాకు చేరిన నంద్యాల, 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. ఆళ్లగడ్డ గ్రామ పంచాయతీ స్థాయి నుంచి పురపాలక స్థాయికి ఎదిగింది. పట్టణాలు పెరిగే క్రమంలో చుట్టుపక్కల పొలాలు ఇళ్ల స్థలాలుగా మారుతాయి. అన్నింటిలో వెంటనే ఇళ్లు లేవవు. ఇళ్ల మధ్య ఏళ్ల తరబడి ఖాళీగా మిగిలిన ఆ స్థలాలే వర్షాకాలంలో వ్యాధులకు, వేసవిలో అగ్ని ప్రమాదాలకు నెలవులవుతున్నాయి.

దీనికి నేల స్వభావం కూడా ఒక కారణం. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బి రంధ్రాలు మూసుకుపోతాయి, నీరు తొందరగా ఇంకదు. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి మట్టం పెరుగుతుంది, పక్కనున్న ప్లాటు మాత్రం పల్లంలోనే ఉండిపోతుంది. ఫలితంగా ఒక మోస్తరు వానకే అది కుంటగా మారుతుంది. మురుగు చేరిన నిల్వ నీటిలో ఫైలేరియాను వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ వృద్ధి చెందుతుంది. అక్కడే పారవేసిన టైర్లు, కొబ్బరి చిప్పలు, ప్లాస్టిక్ కప్పుల్లోని శుభ్రమైన వాననీటిలో డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. వారానికొకసారి డ్రై డే పాటించాలని ఆరోగ్య శాఖ సూచించడానికి ఆధారం ఈ లెక్కే. గృహిణి తన ఇంటి తొట్టిని శుక్రవారం ఎండబెట్టినా, పక్క ప్లాటులోని టైరును ఎవరూ కదిలించకపోతే ఆ శ్రమ సగం వృథా.

నీరు ఇంకిన చోట వయ్యారిభామ, సర్కారు తుమ్మ పెరుగుతాయి. 1950వ దశకంలో పుణె ప్రాంతంలో తొలిసారి గుర్తించిన వయ్యారిభామ దేశమంతటా వ్యాపించింది. దాని పుప్పొడి వల్ల ఉబ్బసం, స్పర్శ వల్ల చర్మవ్యాధులు వస్తాయి. ఒక్కో మొక్క వేల సంఖ్యలో విత్తనాలను రాల్చుతుంది. కనుక పూతకు ముందే, చేతులకు తొడుగులు ధరించి, వేళ్లతో సహా పెరికివేయాలి. పూత వచ్చాక కోయడమంటే విత్తనం చల్లడమే. సర్కారు తుమ్మను పైపైన నరికితే మరింత గుబురుగా చిగురిస్తుంది. మొదలును యంత్రంతో పెకలించవలసిందే. ఈ పొదల్లో ఎలుకలు, వాటి కోసం పాములు చేరుతాయి. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. ఇళ్ల మధ్య పొదలను తొలగించడం ఆ లక్ష్యానికి పట్టణాలు చేయగల ప్రత్యక్ష దోహదం.

ఖాళీ స్థలాల పచ్చదనానికి, ప్రజల భద్రతకు గల సంబంధాన్ని శాస్త్రీయంగా పరిశీలించిన నగరం అమెరికాలోని ఫిలడెల్ఫియా. అక్కడ 541 ఖాళీ స్థలాలను మూడు వర్గాలుగా విభజించారు. కొన్నింటిలో చెత్త తీసి, నేల చదును చేసి, గడ్డి, కొద్దిపాటి చెట్లు నాటి, పొట్టి కొయ్య కంచె అమర్చి, క్రమం తప్పకుండా నిర్వహించారు. కొన్నింటిలో చెత్త మాత్రమే తొలగించారు. మిగిలినవాటిని యథాతథంగా వదిలారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం, పచ్చదనం కల్పించిన స్థలాల చెంత నివసించేవారిలో తాము కుంగుబాటుకు లోనవుతున్నామని చెప్పినవారు 41.5 శాతం తగ్గారు. పేదల వాడల్లో తుపాకీ హింస 29 శాతం మేర తగ్గింది. చెత్త తొలగింపుతో సరిపెట్టిన చోట మానసిక ఆరోగ్యంలో చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు.

తుపాకీ హింస గణాంకాలు మన పట్టణాలకు వర్తించవు. ఇక్కడ భద్రత అంటే చీకటి పడ్డాక మహిళలు ఆ దారిన నిర్భయంగా నడవగలగడం, పిల్లలు ఆడుకోగలగడం, వీధికుక్కల గుంపులు చేరకపోవడం. అయితే ఆచరణ క్రమం మాత్రం అనుసరణీయం: ముందు శుద్ధి, తరువాత చదును, ఆపై హద్దు, చివరకు మొక్క. పలుచోట్ల ఈ క్రమం తలకిందులై, పొదల మధ్య మొక్క నాటి ఛాయాచిత్రంతో కార్యక్రమం ముగుస్తోంది. హద్దు ఎత్తుగా ఉండరాదు. లోపలి భాగం వీధిలోకి కనిపించాలి. ప్రహరీ వెనుక ఏం జరుగుతున్నదో ఎవరికీ తెలియదు. కొయ్య కంచెకు బదులు బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతాల నాపరాళ్లను మోకాలెత్తున పాతితే చాలు. శిల్పకళకు పేరొందిన ఆళ్లగడ్డలో రాతి బల్లలను చెక్కే పనివారికీ కొదవ లేదు.

స్థలం ఎవరిది?

లేఅవుట్ నిబంధనల ప్రకారం విడిచిపెట్టవలసిన 10 శాతం బహిరంగ స్థలం స్థానిక సంస్థకు దఖలు పడాలి. పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో తీర్పు చెప్పింది. అయినా హద్దురాళ్లు, నామఫలకం లేని బహిరంగ స్థలం ఆక్రమణకు గురి కావడం తెలిసిన విషయమే. అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు 2007 డిసెంబరులో జారీ చేసిన నిబంధనలు, బహిరంగ స్థలం లేని చోట ప్లాటు విలువలో 14 శాతం రుసుము విధించాయి. రుసుముతో ఖజానా నిండవచ్చు గాని, ఆ వీధి పిల్లలకు ఆటస్థలం రాదు. అందుకే మిగిలిన స్థలాల జాబితా ఎంతో విలువైనది.

ప్రైవేటు ప్లాట్ల విషయం వేరు. యజమాని హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఉంటారు. ఖాళీ స్థలంపై పన్ను విధించే అధికారం, ప్రజారోగ్యానికి హాని కలిగించే పొదలను, నీటి గుంటలను తొలగించాలని నోటీసు ఇచ్చే అధికారం పురపాలక సంఘాలకు ఉన్నాయి. పన్ను రికార్డులోని చిరునామాయే నోటీసుకు ఆధారం. అందువల్ల రెవెన్యూ విభాగం, పారిశుద్ధ్య విభాగం ఒకే జాబితాతో పనిచేయవలసి ఉంటుంది. యజమాని త్వరలో ఇల్లు కట్టుకోదలచిన చోట చెట్టు నాటడం వివాదానికి దారి తీయవచ్చు. అక్కడ చదును, గడ్డి సరిపోతాయి.

వాగుల ఒడ్డు భూములపై ప్రత్యేక శ్రద్ధ అవసరం. నంద్యాలలో చామకాల్వ, మద్దిలేరు, ఆళ్లగడ్డ వైపు వక్కిలేరు కుందూకు నీరందించే మార్గాలు. 2019 సెప్టెంబరు వర్షాలకు వాగులు పొంగి నంద్యాల, మహానంది పరిసరాలు ముంపునకు గురయ్యాయి. ఒడ్డున గడ్డి, చెట్లతో ఉంచిన స్థలం వరదకు చోటిస్తుంది. మట్టి పోసి ఎత్తు పెంచిన స్థలం ఆ నీటిని పక్క కాలనీకి నెడుతుంది. కాబట్టి ఇక్కడ చదును పేరిట మట్టి నింపరాదు.

చెట్ల ఎంపికలో తొందరపాటు తగదు. 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖపట్నంలో విరివిగా నాటిన ఏడాకుల పాల చెట్ల పూల ఘాటు వాసనపై పౌరుల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. వేగంగా ఎదుగుతుందని ఎంచుకున్న కోనోకార్పస్‌ను గుజరాత్ 2023లో నిషేధించింది. వేప, కానుగ, నేరేడు, చింత ఈ నేలకు, 44, 45 డిగ్రీల ఎండకు అలవాటుపడినవి. రెండు, మూడు అడుగుల గుంత తీసి, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి, జూన్, జులై తొలి వర్షాలకు నాటాలి. వేసవిలో నల్లరేగడి పగుళ్లు విచ్చి వేళ్లను తెంచుతుంది గనుక మొదలు చుట్టూ ఎండుటాకులు పరచాలి. మొదటి రెండు వేసవులు దాటేవరకు వారానికి రెండు తడుల నీటి బాధ్యత ఏ వార్డు సిబ్బందిదో నాటక ముందే ఉత్తర్వులో పేర్కొనాలి.