మణికట్టుపై గడియారము

ఐరోపాలో పందొమ్మిదవ శతాబ్దము గడచువరకును మణికట్టు గడియారము స్త్రీల యాభరణముగనే పరిగణింపబడుచుండెను. నెపోలియన్ సోదరియు, నేపుల్స్ రాణియు నగు కరోలిన్ మ్యూరా కొరకు పారిస్ నగరపు గడియార శిల్పి బ్రెగే 1812లో సిద్ధపరచిన గడియారము, వెంట్రుకలను బంగారు తీగతో కలిపి పేనిన కంకణమునకు అమర్పబడినదని ఆ దుకాణపు లెక్కలే చెప్పుచున్నవి. పురుషుని గడియారమన్ననో, గొలుసుతో కోటు జేబులో నుండవలసినది; దానిని వెలికి దీసి, మూత తెరచి, ఒకింతసేపు చూచి, మరల జేబున వేసికొనుటలోనే పెద్దమనిషి తరహా వెల్లడియగుచుండెను. అట్టివాడు ముంజేతికి గడియారము కట్టుకొనుట గాజులు తొడుగుకొనుటతో సమానము.

ఈ పరిహాసమును మాన్పినది యుద్ధము. దక్షిణాఫ్రికాలో 1899 మొదలు 1902 వరకు జరిగిన బోయరు యుద్ధముననే కొందరు అధికారులు జేబు గడియారమును తోలు తొడుగున నుంచి చేతికి కట్టుకొనిరి. 1914లో ఐరోపా మహాసంగ్రామము ఆరంభమైన పిమ్మట, వెనుకనున్న ఫిరంగులు ఏ నిమిషమున గురి మార్చునో ఆ నిమిషముననే కందకములలోని పదాతిదళము పైకి లేచి ముందునకు సాగవలసివచ్చుటచే, ఒక చేత ఈల, ఒక చేత పిస్తోలు గల అధికారికి జేబు తడవుకొను తీరిక లేకపోయెను. గడియారపు అంచులకు తీగ కొక్కెములు అతికి పట్టా దూర్చిరి. అద్దము పగులకుండ పైన లోహపు జల్లెడ బిగించిరి. చీకటిలో కనబడుటకు అంకెలకు రేడియము పూసిరి. ఆ పూతపని చేసిన అమెరికా యువతులు కుంచెమొనను పెదవులతో సన్నము చేసికొనుచు, దవడ యెముకలు కుళ్లి మరణించిన వృత్తాంతము ఈ చరిత్రలో మిక్కిలి హేయమైన ఘట్టము. 1918లో సైనికులు ఇండ్లు చేరునప్పటికి చేతి గడియారము శౌర్యచిహ్నమై యుండెను.

ఇంత గౌరవము పొందిన వస్తువు పెండ్లి పందిటిలోనికి వచ్చుట సహజమే. చైనాలో 1960, 1970 దశకములలో వరుని పక్షము సమకూర్పవలసినవని పేరుపడిన వస్తువులు నాలుగు: చేతి గడియారము, సైకిలు, కుట్టుమిషను, రేడియో. తెలుగునాట ఇంచుమించు ఆ కాలముననే వాచీయు, సైకిలును, రేడియోయు పెండ్లికుమార్తె తండ్రి నెత్తిన పడినవి. అలకపాన్పుపై ముఖము ముడుచుకొని కూర్చున్న అల్లుడు, బావమరది బుజ్జగింపులకు లొంగక, మామగారు వాచీ పెట్టె తెచ్చి తెరచి చూపువరకు లేవడు. చేతికి కట్టించుకొన్న పిదప కీ త్రిప్పి, చెవి కడ నుంచుకొని, టిక్కుటిక్కు విని గాని నవ్వడు. పొడుగుచేతుల చొక్కాను ఎడమవైపు రెండు మడతలు పైకి మడచు అలవాటు మరునాడే మొదలగును. ముహూర్తమును పురోహితుడు పంచాంగమున చూచుచునే యుండెను గనుక ఆ వాచీకి కాలముతో గల పని స్వల్పమనియే నా యభిప్రాయము. అది చూపునది మామగారి తాహతును.

స్విట్జర్లాండునుండి దిగుమతియగుచు వచ్చిన ఆ వస్తువును 1961లో జపాను దేశపు సిటిజన్ సంస్థ సహకారముతో బెంగుళూరులో హెచ్.ఎం.టి. కర్మాగారము తయారుచేయ నారంభించెను. 'జనతా' వంటి పేర్లతో అది గుమాస్తాలకును, బడిపంతుళ్లకును అందెను. విచిత్రమేమనగా, వరకట్న నిషేధ చట్టము వచ్చినదియు ఆ సంవత్సరముననే. చవుక వాచీ చేరినంత వేగముగ చట్టము మన పల్లెలకు చేరలేదు. వేడుక యనుచు, ముచ్చట యనుచు అడిగి పుచ్చుకొన్న వాచీని మన పెద్దలు కట్నపు లెక్కలో వ్రాయలేదు, వ్రాయవలసినదే.