సాంచె ట్యాపెట్

పవర్‌లూమ్‌లో పడుగు దారాలను రెండు వరుసలుగా విడదీసే క్యామ్. రాజన్న సిరిసిల్లలో పవర్‌లూమ్‌ను సాంచె అనే పిలుస్తారు.

క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ట్యాపెట్లున్న కింది షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. ఫోర్ స్ట్రోక్ కారు ఇంజిన్‌లో క్యామ్ షాఫ్ట్‌దీ ఇదే లెక్క. కారణం మాత్రం వేరు. సాదా నేతలో రెండు పేకలకు (అడ్డదారాలకు) ఒకసారి అల్లిక పునరావృతమవుతుంది. అందుకే ఎదురెదురుగా బిగించిన జంట ట్యాపెట్లు చాలు. మూడు, నాలుగు పేకల ట్విల్ నేతకు వేరే పళ్లచక్రాలతో ఇంకో షాఫ్ట్ కావాలి. అంచులకు చిన్న పూలు కోరితే ట్యాపెట్ పనికిరాదు, డాబీ అనే పరికరం పెట్టాలి.

ట్యాపెట్ ఎంపికలో అసలు చిక్కు ‘నిలుపు’ దగ్గరే. దారాలు విడిపోయి కదలకుండా ఆగే ఆ కాసేపట్లోనే నాడె (షటిల్) ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకెళ్లాలి. మామూలు సాంచెకు క్రాంక్ చుట్టులో మూడో వంతు, అంటే 120 డిగ్రీలు, సరిపోతుంది. పన్నా (గుడ్డ వెడల్పు) పెరిగితే నాడెకు దూరం ఎక్కువ, నిలుపూ పెంచాలి. కానీ నిలుపు పెరిగిన మేర పడుగు దారాలను కదిలించే చట్రాలు లేచి దిగే వ్యవధి తగ్గుతుంది; ఆ కుదుపుకు పోగులు తెగుతాయి. ఇంజిన్‌కు క్యామ్ కోయించేవారికీ ఈ బేరం తెలిసిందే: వాల్వు ఎక్కువసేపు తెరిచి ఉంచితే పైవేగంలో బలం వస్తుంది, ఐడ్లింగ్ మాత్రం కుంటుతుంది.

ట్యాపెట్‌ను బిగించే కోణమూ ముఖ్యమే. చిక్కటి నూలు గుడ్డకు దారాలు పైకీ కిందికీ ముందుగా మారాలి. పాలిస్టర్ ఫిలమెంట్‌కు కాస్త ఆలస్యంగా మారితే రాపిడి తక్కువ. అరిగిన ట్యాపెట్‌కు ఒక గుర్తు, నాడె దారాల్లో చిక్కుకోవడం.