‘కట్టెను’, ‘కట్టించెను’: ఆంగ్ల ప్రేరణార్థక నిర్మాణాల చారిత్రక పరిణామం

వ్యాస సంగ్రహం

ఒకరు మరొకరి చేత పని చేయించడాన్ని తెలుగు క్రియారూపంలోనే సూచిస్తుంది. ఆంగ్లం అందుకు మేక్, హ్యావ్, గెట్, లెట్ వంటి వేరు క్రియలను ఆశ్రయిస్తుంది. ఆంగ్లంలోనూ ఒకప్పుడు పదంలోపలే ప్రేరణను తెలిపే పద్ధతి ఉండేది. అది క్షీణించిన తరువాత ఆ బాధ్యత వేర్వేరు సహాయక క్రియలకు సంక్రమించింది. ఈ పరిణామక్రమాన్ని వివరించి, దానివల్ల కార్యాన్ని స్వయంగా చేసినవారు వాక్యంలో నుంచి ఎలా తొలగిపోయారో నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ప్రేరణార్థకం, ణిజంతం, ప్రయోజక కర్త, ప్రయోజ్య కర్త, సహాయక క్రియ, చరిత్ర రచన

1. ఉపోద్ఘాతం

‘షాజహాన్ తాజ్‌మహల్ కట్టించాడు’ అన్నది తెలుగువారికి సహజమైన వాక్యం. ‘కట్టాడు’ అంటే చక్రవర్తి స్వయంగా తాపీ పట్టినట్లు ధ్వనిస్తుంది. ఆంగ్లంలో మాత్రం ‘షాజహాన్ బిల్ట్ ది తాజ్‌మహల్’ అన్నదే సాధారణ ప్రయోగం. అందులో ఆజ్ఞాపించినవాడికీ, రాయి మోసినవాడికీ భేదం తెలిపే గుర్తు ఏదీ లేదు.

ఈ భేదాన్ని భారతీయ వ్యాకరణ సంప్రదాయం ప్రాచీన కాలంలోనే గుర్తించింది. స్వతంత్రుడైన కర్తను పనికి పురికొల్పేవాడిని పాణిని ‘హేతువు’ అన్నాడు. తరువాతి వ్యాకర్తలు పురికొల్పేవాడిని ప్రయోజక కర్త అనీ, పని చేసేవాడిని ప్రయోజ్య కర్త అనీ వ్యవహరించారు. కార్యకారణ సంబంధం వ్యాకరణంలో ఇద్దరు కర్తల సంబంధంగా రూపొందడం ఇక్కడి విశేషం. ఆంగ్లం ఈ ఇద్దరినీ వేర్వేరు కాలాల్లో ఎలా నిర్వహించిందన్నది పరిశీలించవలసిన అంశం.

2. పదంలోపలి ప్రేరణ

ఆంగ్లానికి మూలమైన జర్మానిక్ భాషలో ధాతువుకు ఒక ప్రత్యయం చేర్చి ప్రేరణార్థకాన్ని సాధించేవారు. ఆ ప్రత్యయంలోని తాలవ్య ధ్వని తనకు ముందున్న అచ్చును మార్చి, తాను కాలక్రమంలో లోపించింది. మిగిలింది అచ్చులోని మార్పు మాత్రమే. సిట్–సెట్, లై–లే, ఫాల్–ఫెల్ జంటలు ఆ విధంగా ఏర్పడ్డవే. కూర్చోబెట్టడం ‘సెట్’, పడగొట్టడం ‘ఫెల్’. నేడు తడిపి ముద్ద చేయడమనే అర్థంలో వాడే ‘డ్రెంచ్’ మొదట ‘డ్రింక్’కు ప్రేరణరూపం. పశువులకు మందు తాగించడాన్ని ఇప్పటికీ ‘డ్రెంచ్’ అనే అంటారు.

ఈ పద్ధతి సంస్కృత ణిజంతానికి దాయాది. ‘సద్’ ధాతువు నుంచి ‘సాదయతి’ ఏర్పడిన తీరూ, ‘సిట్’ నుంచి ‘సెట్’ ఏర్పడిన తీరూ ఒకే ఇండో-యూరోపియన్ మూలానికి చెందినవి. అయితే సంస్కృతంలో ప్రత్యయం స్పష్టంగా నిలిచింది. ఆంగ్లంలో అది కరిగిపోవడంతో కొత్త క్రియలకు ప్రేరణరూపాలు కల్పించే శక్తి భాషకు లేకుండా పోయింది. ప్రాచీన ఆంగ్ల దశకే ఈ జంటలు సజీవ సూత్రంగా కాక, నిఘంటువులోని విడివిడి పదాలుగా మిగిలాయి.

3. ‘లెట్’, ‘డూ’ల కాలం

ఆ లోటును పూరించడానికి ప్రాచీన ఆంగ్లం వేరు క్రియల సహాయం తీసుకుంది. ఆజ్ఞాపించడమనే అర్థం గల ‘హాటన్’, విడవడం, అనుమతించడం, చేయించడం అనే అర్థాలు గల నేటి ‘లెట్’ పూర్వరూపం ఇందులో ముఖ్యమైనవి. ఈ ‘లెట్’కు జ్ఞాతి అయిన జర్మన్ ‘లాసెన్’ ఈనాటికీ అనుమతినీ, ప్రేరణనూ రెండింటినీ తెలుపుతుంది.

ఆంగ్లో-శాక్సన్ క్రానికిల్ పీటర్‌బరో ప్రతిలో 1087వ సంవత్సరం కింద, మరణించిన విలియం రాజును గురించిన ఒక పద్యం ఉంది. రాజు కోటలు కట్టించిన సంగతి చెప్పేచోట ఆ కవి ‘లెట్’ పూర్వరూపాన్నే ప్రయోగించాడు. ఆ వెంటనే పేదలు పడిన బాధను ప్రస్తావించాడు. కోటలు రాజు చేతులతో లేవలేదన్న సూచన అక్కడ క్రియలోనే ఉంది.

మధ్యయుగ ఆంగ్లంలో ‘డూ’ కూడా ఇదే పనికి వచ్చింది. ‘డూ మేక్’, ‘లెట్ మేక్’ అన్న పదబంధాలకు ‘చేయించు’ అని అర్థం. ప్రయోజ్య కర్త పేరు చెప్పకపోయినా, అతడు ఉన్నాడని ఈ నిర్మాణం తెలిపేది. తెలుగు ‘కట్టించెను’ చేసే పని సరిగ్గా ఇదే.

4. ‘డూ’ అర్థం కోల్పోవడం

ఇంతలో ‘డూ’ స్వభావం మారింది. ‘రాజు డిడ్ బిల్డ్ ఎ కాసిల్’ వంటి వాక్యానికి ‘కోట కట్టించాడు’ అనీ, ‘కోట కట్టాడు’ అనీ రెండు అన్వయాలు సాధ్యమే. రాజు స్వయంగా కట్టడని లోకజ్ఞానం ఉన్నందువల్ల భేదం చూపవలసిన అవసరం శ్రోతకు కనిపించదు. ఇటువంటి సందిగ్ధ వాక్యాలే ‘డూ’ను అర్థరహిత సహాయక క్రియగా మార్చాయని స్వీడిష్ భాషావేత్త ఆల్వార్ ఎలెగార్డ్ 1953లో ప్రకటించిన గ్రంథంలో ప్రతిపాదించాడు. ఈ సిద్ధాంతాన్ని అందరూ అంగీకరించలేదు. వెల్ష్, కార్నిష్ భాషల సంపర్కాన్ని కారణంగా చూపేవారూ ఉన్నారు. కారణమేదైనా ఫలితం స్పష్టం. 1476లో ఇంగ్లాండులో ముద్రణాలయం స్థాపించిన కాక్స్‌టన్ రచనల్లో ‘డిడ్ డూ మేక్’ వంటి ప్రయోగాలున్నాయి. మొదటి ‘డూ’ కేవలం సహాయకం, రెండవది ప్రేరణార్థకం. ఒక పదం తన పాత అర్థాన్ని నిలుపుకోవడానికి రెండుసార్లు రావలసి వచ్చింది.

16వ శతాబ్దం నాటికి ప్రేరణార్థక ‘డూ’ వాడుక నుంచి దాదాపు తొలగిపోయింది. నేడు ప్రశ్నల్లోనూ, వ్యతిరేక వాక్యాల్లోనూ వచ్చే ‘డూ’ అర్థం ఖాళీ అయిన రూపం. ‘లెట్’ క్రమంగా అనుమతికే పరిమితమైంది.

5. ‘మేక్’, ‘హ్యావ్’, ‘గెట్’

ఖాళీ అయిన స్థానాన్ని పలు క్రియలు పంచుకున్నాయి. ‘మేక్’ బలవంతాన్ని, అనివార్యతను తెలుపుతుంది. ‘గెట్’ నచ్చజెప్పి, శ్రమపడి సాధించడాన్ని సూచిస్తుంది. ‘హ్యావ్’ అధికారంతోనో, ఏర్పాటుతోనో జరిపించడాన్ని చెబుతుంది. ‘విద్యార్థి చేత వ్యాసం రాయించాడు’ అన్న ఒక్క తెలుగు వాక్యాన్ని ఆంగ్లంలోకి తేవాలంటే ఒత్తిడా, ఒప్పించడమా, అప్పగించడమా అన్నది అనువాదకుడు ముందే నిర్ణయించుకోవాలి. తరగతి గదిలో ఈ క్రియలను పర్యాయపదాల పట్టికగా బోధించినప్పుడు జారిపోయేది ఈ వివేచనే.

వీటిలో ‘హ్యావ్’ది విలక్షణ స్థితి. ‘హీ హ్యాడ్ ఎ హౌస్ బిల్ట్’ అంటే ఇల్లు కట్టించుకున్నాడని. ‘హీ హ్యాడ్ హిజ్ పర్స్ స్టోలెన్’ అంటే పర్సు పోగొట్టుకున్నాడని. నిర్మాణం ఒక్కటే అయినా మొదటి వాక్యంలో కర్త కారకుడు, రెండవ దానిలో బాధితుడు. అంటే ‘హ్యావ్’ స్వతహాగా కారణాన్ని కాక, ఫలితంతో కర్తకున్న సంబంధాన్ని మాత్రమే తెలుపుతుంది. కారణం సందర్భం నుంచి గ్రహించవలసిందే.

6. సూటి కారణం, దూర కారణం

‘కిల్’ అన్న క్రియను ‘చనిపోయేలా చేయు’ అన్న అర్థాంశాలుగా విడదీయవచ్చని జేమ్స్ మెకాలే 1968లో ప్రతిపాదించాడు. రెండూ సమానం కావని జెర్రీ ఫోడర్ 1970లో వాదించాడు. కారణం ఒకనాడు, మరణం మరొకనాడు సంభవిస్తే ‘చనిపోయేలా చేశాడు’ అనవచ్చు కానీ, రెండు రోజులనూ వేర్వేరుగా పేర్కొంటూ ‘చంపాడు’ అనడం కుదరదు. ఏకపద క్రియ సూటి కారణాన్ని కోరుతుందన్నది ఆ చర్చ తరువాత బలపడిన అభిప్రాయం.

మరి ‘షాజహాన్ బిల్ట్’ ఎలా సాధ్యమైంది? చక్రవర్తికీ కట్టడానికీ మధ్య వేలమంది ఉన్నా ఏకపద క్రియే సరిపోతోంది. మధ్యనున్నవారిని స్వతంత్ర కర్తలుగా గాక, ఉలి, సుత్తి వంటి సాధనాలుగా పరిగణించినప్పుడే అది సూటి కారణమవుతుంది. హ్యావ్–బిల్ట్ నిర్మాణం అందుబాటులో ఉన్నా రాజుల విషయంలో దాని అవసరం కనిపించకపోవడం వ్యాకరణ నియమం కాదు, సామాజిక దృష్టి.

7. తెలుగు చరిత్ర రచనకు సంబంధం

ఈ పరిణామం తెలుగుకు పూర్తిగా పరాయిది కాదు. తెలుగులో ‘ఇంచు’ రెండు పనులు చేస్తుంది. ‘కట్టు–కట్టించు’ జంటలో అది ప్రేరణను తెలుపుతుంది. ‘నిర్మించు’లో సంస్కృత పదాన్ని తెలుగు క్రియగా మారుస్తుంది, అంతే. ‘నిర్మించు’కు ప్రేరణరూపం ‘నిర్మింపజేయు’. రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప ఆలయాన్ని ‘కట్టించాడు’ అనడానికీ, ‘నిర్మించాడు’ అనడానికీ గల తేడా ఇదే. రెండు పదాల చివరా ‘ఇంచు’ వినిపిస్తున్నందువల్ల రెండవ వాక్యంలో ప్రయోజ్య కర్త జారిపోయిన సంగతి చెవికి అందదు. ఆ ఆలయం స్థపతిదిగా సంప్రదాయం చెప్పే పేరుతోనే ప్రసిద్ధం కావడం ఈ సందర్భంలో గమనార్హం. ‘మహాప్రస్థానం’లోని ‘దేశచరిత్రలు’ గేయంలో శ్రీశ్రీ తాజ్‌మహల్ కూలీలను గురించి వేసిన ప్రశ్నను వ్యాకరణ పరిభాషలో చెబితే, అది ప్రయోజ్య కర్త ఎవరన్న ప్రశ్నే.

8. ముగింపు

ఆంగ్లం ప్రేరణను మొదట ప్రత్యయంలో, తరువాత ‘లెట్’, ‘డూ’లలో, ఆపైన ‘మేక్’, ‘హ్యావ్’, ‘గెట్’లలో నిలుపుకుంది. ప్రతి మార్పులో కొంత సూక్ష్మత పెరిగింది. బలవంతానికీ, ఒప్పించడానికీ, అప్పగింతకూ వేర్వేరు రూపాలు లభించాయి. అయితే పేరు చెప్పకుండానే పనివారి ఉనికిని తెలిపే సులభమైన గుర్తు బలహీనపడింది. తెలుగులో ఆ గుర్తు ఒక్క ప్రత్యయంగా నేటికీ సజీవం. ఆంగ్ల చరిత్ర గ్రంథాలను అనువదించేటప్పుడు ‘బిల్ట్’ ఎదురైన ప్రతిచోటా ‘నిర్మించాడు’ అని రాయడం సులభమే. ‘కట్టించాడు’ అని రాస్తే మూలభాష దాచిన రెండవ కర్త వాక్యంలోకి తిరిగి వస్తాడు.