చెరుకు లేని దీవి

ఈసారి సెలవులకి రోడ్రిగ్స్ వెళ్లొచ్చాం. మేముండే మారిషస్‌కి తూర్పున 560 కిలోమీటర్లు, విమానంలో గంటన్నర. అదీ ఈ దేశంలోదే. కానీ దిగగానే ఎక్కడో పరాయి ఊరికి వచ్చినట్టుంటుంది. మారిషస్‌లో ఎటు తిరిగినా చెరుకే. ఇక్కడ రేకుల ఇళ్లు, మొక్కజొన్న మళ్లు, రోడ్డుకి అడ్డంగా పడుకున్న ఆవులు.

1835లో బానిసత్వం రద్దయ్యాక మారిషస్ చెరుకు దొరలకు కూలీలు కావలసొచ్చారు. మన కోరంగి రేవు నుంచీ ఓడలెక్కించారు. అందుకే తెలుగువాళ్లని మారిషస్‌లో చాలాకాలం ‘కోరంగీలు’ అన్నారు. మాది తాళ్లరేవు పక్కన. కోరంగి అంటే చిన్నప్పుడు మాకు మడ అడవి, కార్తీకమాసం వనభోజనాలు, అంతే. ఆ పేరుకి ఇంత కథ ఉందని ఈ దేశం వచ్చాకే తెలిసింది.

రోడ్రిగ్స్‌లో కొండలు, నీటి ఎద్దడి. చెరుకు తోటలు లేవు కాబట్టి కూలీల ఓడలూ అటు పోలేదు. ఇక్కడివాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి తెచ్చిన బానిసల సంతతి. మాట క్రియోల్, మతం కేథలిక్. 1967 ఎన్నికల్లో స్వాతంత్ర్యం వద్దన్న పార్టీకే ఈ దీవి రెండు సీట్లూ ఇచ్చింది. భారత సంతతి పెత్తనం వస్తుందని, తమని ఎవరూ పట్టించుకోరని భయం. 1968లో స్వాతంత్ర్యం వచ్చింది, స్వపరిపాలన మాత్రం 2002 దాకా రాలేదు. ఆ భయం ఉత్తదేనని కోరంగివాణ్ణయిన నేను కూడా అనలేను.

ప్రశాంతమైన దీవి అని అందరూ మెచ్చుకుంటారు. 1691లో ఫ్రాన్స్వా లెగా అనే ఫ్రెంచి ప్రొటెస్టెంటు, మతం కోసం దేశం విడిచినవాడు, కొద్దిమందితో ఇక్కడ దిగి రెండేళ్లున్నాడు. తాబేళ్ల డిప్పల మీదే వంద అడుగులు నడిచిపోవచ్చని రాశాడు. తర్వాతి శతాబ్దంలో వాటిని వేలకు వేలు ఓడల్లో మారిషస్‌కి తరలించి కూరొండుకున్నారు. ఎగరలేని సాలిటేర్ పక్షి కూడా మిగల్లేదు. ఈ ప్రశాంతతలో సగం అలా ఖాళీ అయినదే.

మేం దిగిన ఇంటి ముందు కర్రలకి ఆక్టోపస్‌లు ఆరేసి ఉన్నాయి, కాళ్లు చాచి, ఉతికిన బనీన్లలా. దీవి చుట్టూ లోతులేని సముద్రం దీవికి రెట్టింపు ఉంటుంది. నీళ్లు వెనక్కి తీసిన వేళ ఆడవాళ్లు బూట్లు తొడిగి, గడ్డి టోపీ పెట్టి, ఇనప చువ్వతో అందులోకి నడుస్తారు. ఇంటావిడ రాయి కింద ఆక్టోపస్‌ని చూపించింది. నాకు రాయే కనపడింది. ఆవిడ పొడిచేసింది. 2012 నుంచి ఏటా కొన్నాళ్లు ఈ వేట ఆపేస్తున్నారు, మన తీరంలో వేసవి నిషేధంలాగే. ఆ తర్వాత పెద్దవి పడుతున్నాయట.

మీరెవరైనా మారిషస్ వస్తే రోడ్రిగ్స్‌కి రెండ్రోజులు కేటాయించండి. శనివారం పోర్ట్ మాథురిన్ సంతలో నిమ్మకాయ, మిరపకాయ పచ్చళ్లు అమ్ముతారు. కారం మనకి కూడా సరిపోతుంది. తెల్లారకుండానే వెళ్లండి, ఎండెక్కేసరికి బుట్టలు ఎత్తేస్తారు.