పాత ఇళ్లు, కొత్త అద్దెలు: లండన్ నగర అనుభవం

గత పాఠాల్లో మీరు పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులోని ఫ్యాక్టరీల గురించి, రైల్వేల గురించి, కార్మిక సంఘాల గురించి చదివారు. ఆ కార్మికులు పని ముగిశాక ఏ ఇంటికి వెళ్లేవారు, ఆ ఇల్లు ఎవరిది, దానికి వారానికి ఎంత కట్టేవారు అన్న సంగతులు చరిత్ర పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తాయి. ఈ పాఠం వాటి గురించే. పాత ఇల్లు కొని, బాగుచేయించి, అద్దెకిచ్చి ఆదాయం పొందే పద్ధతి లండన్ నగరంలో సుమారు నూటయాభై ఏళ్లలో ఎలా మారుతూ వచ్చిందో పరిశీలిద్దాం. చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి. బాగుచేసిన ఇంటికి విలువ పెరుగుతుంది. ఆ పెరిగిన విలువ ఎవరికి దక్కింది? బాగుచేయక ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు ఆ తరవాత కూడా అక్కడే ఉండగలిగారా?

అద్దె ఇళ్ల నగరం

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లండులో పది కుటుంబాల్లో దాదాపు తొమ్మిది ప్రైవేటు యజమానుల ఇళ్లలో అద్దెకు ఉండేవి. యజమాని అనగానే పెద్ద ధనవంతుణ్ణి ఊహించుకోకండి. చిన్న దుకాణదారులు, చేతిపనివాళ్లు, భర్త పోయిన స్త్రీలు తమ పొదుపు సొమ్ముతో రెండు మూడు ఇళ్లు కొని ఆ అద్దెలతో బతకడం అప్పట్లో మామూలు విషయం.

లండన్‌కు ఒక ప్రత్యేకత ఉంది. చాలా ప్రాంతాల్లో నేల పెద్ద కులీన కుటుంబాల చేతుల్లోనో, సంస్థల చేతుల్లోనో ఉండేది. మేస్త్రీ ఆ నేలను లీజుకు తీసుకుని ఇల్లు కట్టేవాడు. లీజు తరచు 99 ఏళ్లకు ఉండేది. గడువు తీరాక నేలతో పాటు ఇల్లు కూడా భూమి యజమానికే చెందుతుంది. కాబట్టి లీజు చివరి పదిహేను ఇరవై ఏళ్లలో ఇంటిపై డబ్బు పెట్టడానికి ఎవరూ ముందుకు వచ్చేవారు కాదు. పైకప్పు కారితే కారనిచ్చేవారు. పాత ఇళ్ల దుస్థితికి అద్దెదారుల అశుభ్రతే కారణమని అప్పటి పెద్దమనుషులు చాలామంది రాశారు. లీజు లెక్క చూస్తే ఆ మాట ఎంత తేలికగా అన్నదో మీకే తెలుస్తుంది.

ఆక్టేవియా హిల్: ఐదు శాతం రాబడి

1865లో మేరిల్‌బన్ ప్రాంతంలోని పారడైజ్ ప్లేస్ అనే చిన్న సందులో మూడు పాత ఇళ్లు చేతులు మారాయి. కొన్నవాడు ప్రసిద్ధ రచయిత, కళావిమర్శకుడు జాన్ రస్కిన్. ద్రాక్షసారా వ్యాపారి అయిన తండ్రి అంతకు ముందు సంవత్సరమే మరణించడంతో అతనికి ఆస్తి సంక్రమించింది. ఆ ఇళ్ల నిర్వహణ చేపట్టింది అప్పటికి ఇరవై ఆరేళ్ల ఆక్టేవియా హిల్. రస్కిన్ పేరు మీకు మరో సందర్భంలో పరిచయమే. 1904లో దక్షిణాఫ్రికాలో రైలు ప్రయాణంలో గాంధీజీ చదివిన ‘అన్‌టు దిస్ లాస్ట్’ ఆయన రాసిందే. దాన్నే గాంధీజీ తరవాత ‘సర్వోదయ’ పేరుతో గుజరాతీలోకి తెచ్చారు.

మూడు ఇళ్ల ఖరీదు 750 పౌండ్లు. రస్కిన్ పెట్టిన షరతు ఒకటే: పెట్టుబడిపై ఏడాదికి 5 శాతం రాబడి రావాలి. అంటే 37.5 పౌండ్లు. ఆ డబ్బు ఆయనకు అవసరమై అడిగింది కాదు. లాభం కనిపిస్తేనే మరికొందరు ఇదే దారిలో పెట్టుబడి పెడతారని ఆయన ఆలోచన. దానంగా నడిపితే దాత అలసిపోయిన రోజున పని ఆగిపోతుంది.

ఆమె చేతికి వచ్చిన పాత ఇళ్ల స్థితిని హిల్ స్వయంగా వివరించింది. గోడల పూత రాలిపోతూ ఉండేది. కప్పు నుంచి కారే వాన నీటికి మెట్ల మీద బాల్చీ పెట్టేవారు. మెట్ల పక్కన ఉండవలసిన చెక్క కటకటాలు పొయ్యిలో కట్టెలైపోయాయి. హిల్ వీటన్నిటినీ ఒకేసారి బాగుచేయించలేదు. మొదట మురుగు కాలువలు, నీళ్ల వసతి చూసింది. మిగతావి అద్దె సక్రమంగా వచ్చేకొద్దీ ఒక్కొక్కటిగా చేయించింది. ప్రతి ఇంటికీ ఏడాదికి మరమ్మతుల కింద కొంత సొమ్ము కేటాయించి, అందులో మిగిలినదాన్ని ఆ ఇంటివాళ్లు కోరిన సౌకర్యానికే ఖర్చు పెట్టేది. దీనితో కిటికీ అద్దం పగలగొడితే నష్టం తమకేనని అద్దెదారులకు అర్థమైంది. పనులు లేని రోజుల్లో చిన్న చిన్న మరమ్మతులు అద్దెదారులకే అప్పజెప్పి కూలి ఇచ్చేది. పెద్ద ఆడపిల్లలకు మెట్లు కడిగే పని ఇచ్చేది.

ఆమె వారం వారం తానే వెళ్లి అద్దె వసూలు చేసేది. తరవాత ఈ పనికి ఎందరో స్త్రీలకు శిక్షణ ఇచ్చింది. బకాయిల విషయంలో మాత్రం కఠినంగా ఉండేది. వరసగా అద్దె కట్టనివాళ్లు ఖాళీ చేయవలసిందే. ఒకే గదిలో కిక్కిరిసి ఉన్న కుటుంబాలు రెండు గదులు తీసుకునేలా రెండో గదిని తక్కువ అద్దెకు ఇచ్చేది. 1874 నాటికి ఆమె నిర్వహణలో 15 చోట్ల సుమారు 3,000 మంది అద్దెకు ఉన్నారు. 1884లో చర్చి ఆస్తులు చూసే కమిషనర్లు కూడా సదర్క్ ప్రాంతంలోని తమ ఇళ్లను ఆమెకు అప్పగించారు.

ఆమె పద్ధతిపై విమర్శలున్నాయి. అద్దెదారుల ఇల్లాలి పనినీ తాగుడునూ కూడా ఆమె పర్యవేక్షించేది. రోజుకూలి దొరకనివాడికి ఆ ఇళ్లలో చోటు నిలవదు. పురపాలక సంఘాలు ఇళ్లు కట్టించడాన్ని ఆమె చివరిదాకా వ్యతిరేకించింది. అంత పెద్ద నగరానికి ఆమె మార్గం సరిపోదని కాలం రుజువు చేసింది. అయినా ఒక విషయం గమనించండి. అదే రోజుల్లో, 1875 నాటి చట్టం కింద, మురికివాడలను కూల్చినప్పుడు అక్కడివాళ్లు చెల్లాచెదరయ్యారు. హిల్ మరమ్మతులు మాత్రం జనం లోపల ఉండగానే జరిగాయి. ఈ తేడా తరవాతి కథలో పదే పదే ముందుకు వస్తుంది.

అద్దెకు కళ్లెం

1915లో యుద్ధ సామగ్రి తయారీకి కార్మికులు గ్లాస్గో నగరానికి తరలివచ్చారు. ఇళ్లకు గిరాకీ పెరగగానే యజమానులు అద్దెలు పెంచారు. మేరీ బార్బర్ వంటి స్త్రీల నాయకత్వంలో వేలాది కుటుంబాలు పెంచిన అద్దె కట్టడానికి నిరాకరించాయి. మగవాళ్లు యుద్ధంలోనో ఫ్యాక్టరీలోనో ఉంటే, జప్తుకు వచ్చిన అమీనాలను వీధి ఆడవాళ్లే ఎదుర్కొన్నారు. ఆ ఏడాది ముగిసేలోగా పార్లమెంటు చట్టం చేసి చిన్న ఇళ్ల అద్దెలను 1914 ఆగస్టు స్థాయికి కట్టేసింది.

యుద్ధకాలానికే అనుకున్న ఆ నియంత్రణ రూపాలు మార్చుకుంటూ దశాబ్దాలు నిలిచింది. మన దేశంలో కూడా 1918లోనే బొంబాయిలో అద్దె చట్టం వచ్చింది. మన ప్రాంతానికి వస్తే 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయించుట) నియంత్రణ చట్టంలో ‘న్యాయమైన అద్దె’ నిర్ణయించే ఏర్పాటు ఉంది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. అంకెలు ఊహించినవే, తర్కం మాత్రం వాస్తవం. ఒక ఇంట్లో పాత అద్దెదారు వారానికి ఒక పౌండు కడుతున్నాడనుకోండి. ఏడాదికి 52 పౌండ్లు. ఖర్చులు 22 పోతే 30 మిగులుతాయి. 6 శాతం రాబడి కోరే కొనుగోలుదారు ఆ ఇంటికి 500 పౌండ్లు ఇస్తాడు. అదే ఇల్లు ఖాళీగా ఉండి, కొత్తవారి నుంచి వారానికి 4 పౌండ్లు తీసుకోవచ్చనుకుంటే ఏడాదికి 208 వస్తాయి. అవే ఖర్చులు పోగా 186. అప్పుడు దాని విలువ 3,100 పౌండ్లు. గోడలు అవే, కప్పు అదే. లోపల ఉన్న మనిషి కదిలితే చాలు, విలువ ఆరు రెట్లు దాటుతుంది. ఇరవయ్యో శతాబ్దపు లండన్‌లో పాత ఇళ్ల వ్యాపారం చాలావరకు ఈ తేడా చుట్టూ తిరిగింది.

నాటింగ్ హిల్: రాక్‌మన్ రోజులు

నాటింగ్ హిల్‌లోని లాడ్‌బ్రోక్ ఎస్టేట్ ఇళ్లు పందొమ్మిదో శతాబ్దంలో సంపన్న కుటుంబాల కోసం కట్టినవి. నాలుగైదు అంతస్తులు, కింద వంటగది, పైన పనివాళ్ల గదులు. పనివాళ్లు దొరకని కాలం వచ్చాక ఆ ఇళ్లు గదులు గదులుగా విడిపోయాయి. మన పట్టణాల్లో పెద్ద లోగిలి పోర్షన్లుగా మారడం మీరు చూసే ఉంటారు, అలాగే.

1957 అద్దె చట్టం ఖరీదైన ఇళ్లపై నియంత్రణ తీసేసింది. మిగతావాటిలో పాత అద్దెదారు వెళ్లిపోతే నియంత్రణ పోతుందని చెప్పింది. అంటే ఇందాక మనం వేసిన లెక్కకు చట్టమే తలుపు తెరిచింది. పీటర్ రాక్‌మన్ పేరు ఈ సందర్భంలోనే వినిపిస్తుంది. పోలండులో పుట్టి, నాజీల చేతుల్లోనూ సోవియట్ శిబిరంలోనూ కష్టాలు పడి, 1946లో బ్రిటన్ చేరిన మనిషి. లీజు గడువు కొద్దిగానే మిగిలిన ఇళ్లను 1950ల నడుమ నుంచే అతను చౌకగా కొన్నాడు. నియంత్రిత అద్దె కట్టే పాతవాళ్లను బెదిరించి పంపడం, ఆ గదుల్లో నాలుగు సామాన్లు వేసి ‘ఫర్నిచర్ గది’ పేరుతో రక్షణ లేని కొత్తవాళ్లకు ఎక్కువ అద్దెకివ్వడం అతని పద్ధతి. ఇల్లు ఏ కంపెనీ పేర ఉందో తెలియకుండా అనేక కంపెనీలు నడిపాడు. మరమ్మతులపై పెట్టింది స్వల్పం. 1962లో అతను మరణించాడు. మరుసటి ఏడాది ప్రొఫ్యూమో వ్యవహారంలో అతని పేరు బయటికి వచ్చి, ‘రాక్‌మనిజం’ అనే మాట ఇంగ్లీషులో స్థిరపడింది.

అతన్ని ఒంటరి దుర్మార్గుడిగా చూపే కథనాలను కొంచెం జాగ్రత్తగా చదవండి. ఆ రోజుల్లో ‘నల్లవారికి ఇవ్వబడదు’ అన్న బోర్డులు లండన్ కిటికీల్లో బాహాటంగా కనిపించేవి. ఇళ్ల విషయంలో ఆ వివక్షను నిషేధించే చట్టం 1968లో గానీ రాలేదు. జమైకా, ట్రినిడాడ్ నుంచి వచ్చినవాళ్లకు గది ఇచ్చిన కొద్దిమందిలో రాక్‌మన్ ఒకడు. ఎక్కువ అద్దె గుంజాడన్నదీ నిజమే, ఇతరులు తలుపు మూసినప్పుడు తెరిచాడన్నదీ నిజమే.

కరీబియన్ వలసదారులే మరో దారి కూడా వెతుక్కున్నారు. రుణసంస్థలు వాళ్లకు అప్పివ్వడానికి వెనకాడేవి. వాళ్లు ‘పార్డ్‌నర్’ అనే పద్ధతిలో డబ్బు కూడబెట్టారు. కొందరు కలిసి వారం వారం సమాన మొత్తం వేస్తారు, వంతు వచ్చినవారు మొత్తం తీసుకుంటారు. మనం చీటీ అంటాం. ఆ సొమ్ము ముందుగా కట్టి, ఎవరికీ అక్కరలేని పాత ఇల్లు కొని, సెలవు రోజుల్లో తామే రంగులు వేసుకుని, ఒక గదిలో తాముండి మిగతావి తమవాళ్లకు అద్దెకిచ్చేవారు. ఆ అద్దెలతోనే అప్పు తీరేది. పెద్ద పేర్ల మధ్య ఈ కుటుంబాల ఊసు తక్కువగా వినిపిస్తుంది. నా దృష్టిలో మన అంశానికి అందరికన్నా దగ్గరి ఉదాహరణ వీళ్లదే.

రాక్‌మన్ గొడవ తరవాత మిల్నర్ హాలండ్ కమిటీ లండన్ ఇళ్లపై 1965లో నివేదిక ఇచ్చింది. అదే ఏడాది వచ్చిన చట్టం అద్దెదారులకు రక్షణను, ‘న్యాయమైన అద్దె’ను తెచ్చింది. నాటింగ్ హిల్‌లోనే 1963లో బ్రూస్ కెన్రిక్ అనే మతబోధకుడు స్థాపించిన ట్రస్టు పాత ఇళ్లు కొని, ఫ్లాట్లుగా మార్చి, తక్కువ ఆదాయం వారికి ఇవ్వసాగింది.

ప్రభుత్వ సొమ్ముతో మరమ్మతు

పాత ఇళ్లను కూల్చడం కన్నా బాగుచేయడం మేలన్న అభిప్రాయం 1960ల చివరికి బలపడింది. స్నానాల గది, వేడినీళ్లు, లోపలే మరుగుదొడ్డి వంటి వసతులకు ప్రభుత్వ గ్రాంట్లు అంతకు ముందూ ఉన్నాయి. 1969 గృహనిర్మాణ చట్టం గ్రాంటు పరిమితిని 400 నుంచి 1,000 పౌండ్లకు పెంచింది. బాగుచేశాక ఇల్లు అమ్మకూడదన్న పాత షరతులను తొలగించింది.

ఫలితం ఇస్లింగ్టన్‌లోని బార్న్స్‌బరీలో కనిపించింది. పందొమ్మిదో శతాబ్దపు అందమైన వరస ఇళ్లు అవి. లోపల కార్మిక కుటుంబాలు గదుల్లో అద్దెకుండేవి. కొనుగోలుదారు మొదట వాళ్లకు కొంత డబ్బు ఆశచూపేవాడు, వినకపోతే వేధించేవాడు. దీన్ని ‘వింక్‌లింగ్’ అన్నారు. చిన్న సముద్రపు నత్తను సూదితో గుల్ల నుంచి లాగడం ఆ మాటకు మూలం. ఇల్లు ఖాళీ అయ్యాక గ్రాంటు తీసుకుని ఫ్లాట్లుగా మార్చి, ఎక్కువ అద్దెకివ్వడమో అమ్మడమో చేసేవారు. ఈ మార్పును ముందే గుర్తించిన సామాజికవేత్త రూత్ గ్లాస్ 1964లో దానికి ‘జెంట్రిఫికేషన్’ అని పేరు పెట్టింది. గ్రాంటు ప్రజల పన్నుల సొమ్ము. మరుగుదొడ్డి లేక బాధపడిన కుటుంబం పేరు చెప్పి మంజూరైన డబ్బుతో, ఆ కుటుంబం వెళ్లిపోయాక మరుగుదొడ్డి కట్టారు. 1974లో గ్రాంట్లకు మళ్లీ షరతులు పెట్టేసరికి చాలా వీధులు మారిపోయాయి.

అప్పుతో కొని అద్దెకివ్వడం

1980ల చివరికి ప్రైవేటు అద్దె ఇళ్లు పదింట ఒకటికి పడిపోయాయి. 1988 చట్టం ఈ దిశను మార్చింది. కొత్త అద్దెలకు నియంత్రణ పోయింది. ఆరు నెలల తరవాత కారణం చెప్పకుండానే ఖాళీ చేయించే వీలు యజమానికి దక్కింది. 1996లో రుణసంస్థలు అద్దెకిచ్చేందుకే ఇల్లు కొనేవారికి ప్రత్యేక అప్పులు మొదలుపెట్టాయి. రాబోయే అద్దెను చూసి అప్పు ఇస్తారు కాబట్టి, ఉద్యోగులూ ఉపాధ్యాయులూ ఒక పాత ఇల్లు కొని, వంటగది మార్పించి, అద్దెకివ్వసాగారు. పందొమ్మిదో శతాబ్దపు చిన్న యజమాని మరో రూపంలో తిరిగి వచ్చాడు. 2010ల నడుమకు ఇంగ్లండులో ఐదు కుటుంబాల్లో సుమారు ఒకటి ప్రైవేటు అద్దెలో ఉంది.

ఈసారి చిక్కు మరో చోట వచ్చింది. గోడలు చెమ్మగిల్లుతున్నాయని, బాయిలరు పనిచేయడం లేదని ఫిర్యాదు చేసిన అద్దెదారుకు మరమ్మతుకు బదులు ఖాళీ చేయమన్న నోటీసు వచ్చేది. 2015లో పార్లమెంటు దీనికి కొంత అడ్డుకట్ట వేసింది. స్థానిక సంస్థ తనిఖీ చేసి మరమ్మతు చేయమని యజమానిని ఆదేశిస్తే, ఆ తరవాత ఆరు నెలల పాటు ఆ రకమైన నోటీసు చెల్లేది కాదు. అయితే అద్దెదారు ముందుగా యజమానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాల్సి వచ్చేది. కారణం చెప్పకుండా ఖాళీ చేయించే పద్ధతినే తొలగించే చట్టం 2025లో గానీ ఆమోదం పొందలేదు.